మే 7: వెదురు తుపాకులు, ఇనుప తుపాకులు, మందు కొలత

మే 7 అనగానే మన ఏజెన్సీ పిల్లలందరికీ గుర్తొచ్చేది అల్లూరి సీతారామరాజు. 1924లో ఆ రోజునే ఆయన్ని కాల్చి చంపారు. ఊరూరా విగ్రహాలకు దండలు వేస్తాం, పాటలు పాడుకుంటాం, సభలు పెడతాం. అది చెయ్యవలసిందే. అయితే దానికి సరిగ్గా 24 ఏళ్ల ముందు, 1900లో, అదే మే 7న, మన సాలూరు కొండల్లో 11 మంది తుపాకీ గుళ్లకు నేలకొరిగారన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? వాళ్లకు విగ్రహాల్లేవు. వాళ్లను తలుచుకోవడానికే ఈ వ్యాసం. కాని ఉత్త నివాళిగా రాయదలచుకోలేదు. ఆ రోజు వాళ్ల చేతుల్లో వెదురు తుపాకులు ఎందుకున్నాయి, ఇనుప తుపాకులు ఎందుకు లేవు అన్న ప్రశ్న పట్టుకుని కొంచెం లోతుకు వెళ్దాం.

ముందు జరిగినది చెప్పుకుందాం. అప్పటి సాలూరు తాలూకాలో కొర్రవానివలస అనే ఊరు. అక్కడ కొర్ర మల్లయ్య అనే కొండదొర. తనకు దైవావేశం ఉందని చెప్పడంతో జనం మెల్లమెల్లగా ఆయన చుట్టూ చేరారు. ఏజెన్సీ నలుమూలల నుంచి వచ్చి, నాలుగైదు వేల మంది శిబిరం వేసుకుని కూర్చున్నారు. జనం ఆయన్ని స్వామి అన్నారు. కొన్నాళ్లకు మల్లయ్య తాను పంచపాండవుల్లో ఒకరి అవతారమని, తన పసిబిడ్డ సాక్షాత్తూ కృష్ణుడని, ఇంగ్లీషువాళ్లను తరిమేసి దేశాన్ని తానే ఏలుతానని చాటాడు. వెదుళ్లు నరికి తుపాకుల ఆకారంలో చెక్కించాడు. సమయం వచ్చినప్పుడు ఆ వెదుళ్లు నిజమైన తుపాకులవుతాయని, సర్కారు ఆయుధాలు నీళ్లయిపోతాయని చెప్పాడు. ఆ వెదురు తుపాకులు భుజాన పెట్టించి శిబిరంలో కవాతు చేయించాడు.

తరువాత పాచిపెంట మీద పడి దోచుకుంటామని కబురు వెళ్లింది. మే 1న సంగతేమిటో చూసిపోదామని వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను జనం కొట్టి చంపేశారు. ఇది దాచవలసిన పని లేదు. ఆ ఇద్దరూ ఎవరి ఇంటి బిడ్డలో. శవాలను తీసుకుపోదామని వచ్చిన స్థానిక పోలీసులు జనాన్ని చూసి వెనక్కి తగ్గారు. అప్పుడు జిల్లా మేజిస్ట్రేటు స్వయంగా బయలుదేరాడు. విశాఖపట్నం, పార్వతీపురం, జయపురం నుంచి రిజర్వు పోలీసులను కూడగట్టి, 7వ తేదీ తెల్లవారేసరికి శిబిరం మీద పడ్డాడు. జనం ఎదురు తిరిగారు. పోలీసులు కాల్చారు. 11 మంది చనిపోయారు, ఇంకెందరో గాయపడ్డారు, పట్టుబడ్డారు, మిగిలినవాళ్లు చెదిరిపోయారు. 60 మంది మీద అల్లర్ల కేసు, మల్లయ్యతో కలిపి ముగ్గురి మీద హత్య కేసు. మల్లయ్య జైల్లోనే చనిపోయాడు. మిగతా ఇద్దరినీ ఉరి తీశారు. కృష్ణుడన్న ఆ పసివాడు కూడా చనిపోయాడు.

ఇదంతా రాసిపెట్టినవాళ్లు మనవాళ్లు కారు. 1907లో వచ్చిన విశాఖపట్నం జిల్లా గెజెటీర్‌లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ అనే ఐసీఎస్ అధికారి రాశాడు. 1909లో థర్‌స్టన్ తన కులాలు, తెగల సంపుటాల్లో కొండదొరల దగ్గర అదే కథ చెప్పాడు. రాసిన తీరు చూస్తే పిచ్చి జనం, పిచ్చి స్వామి, పోలీసులొచ్చారు, గొడవ సద్దుమణిగింది, అంతే. జనం ఎందుకు వచ్చారు, కొండ దిగి నాలుగైదు వేల మంది ఇళ్లు వాకిళ్లు వదిలి ఎందుకు కూర్చున్నారు అన్నది ఆ పేరాలో కనబడదు. చనిపోయిన 11 మంది పేర్లూ లేవు. థర్‌స్టన్ పుస్తకంలోనే ఇంకో మాట ఉంది: కొండదొరలు పాండవులను పూజిస్తారు, తమది పాండవుల వంశమని చెప్పుకుంటారు అని. ఆ రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి చదివితే మల్లయ్య మాట గాలిలోంచి ఊడిపడింది కాదని తెలుస్తుంది. తాతల నాటి కథనే ఆయన ఆయుధం చేసుకున్నాడు.

"ఆయుధాలు నీళ్లయిపోతాయి" అన్న మాట కూడా మల్లయ్య ఒక్కడిదే కాదు. అదే రోజుల్లో ఛోటానాగ్‌పూర్‌లో బిర్సా ముండా వెంట నడిచినవాళ్లు తెల్లవాళ్ల తూటాలు నీళ్లవుతాయని నమ్మారు. 1900 జనవరిలో వాళ్ల మీద కాల్పులు జరిగాయి, జూన్ 9న బిర్సా రాంచీ జైల్లో చనిపోయాడు. మల్లయ్య కూడా జైల్లోనే పోయాడని ఇందాక చెప్పుకున్నాం. ఇంకో అయిదేళ్లకు, 1905లో, ఆఫ్రికాలో ఇవాళ టాంజానియా అంటున్న దేశంలో జర్మన్ల మీద తిరగబడిన తెగల చేతుల్లో మంత్రించిన నీళ్లున్నాయి. ఆ నీళ్లు తాగితే, చల్లుకుంటే తూటా నీరవుతుందన్నారు. ఆ తిరుగుబాటు పేరే మాజీ మాజీ. వాళ్ల భాషలో మాజీ అంటే నీళ్లు. సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఒకరినొకరు ఎరగని జనం ఒకే ఆశ పెట్టుకున్నారంటే, అది తెలివితక్కువతనం వల్ల కాదని మా అభిప్రాయం. ఎదుటివాడి చేతిలోని తుపాకీ తమకు దొరకదని బాగా తెలిసినవాళ్ల ఆశ అది.

ఎందుకు దొరకదు? కొండల్లో కమ్మర్లు లేరా? ఇనుము కరిగించి గొడ్డలి, బాణం ములికి, నాగటి కర్రు చేసే చేతులు మన దగ్గర తరతరాలుగా ఉన్నాయి. కమ్మర అనే పేరుతో షెడ్యూల్డు తెగే ఒకటి ఉంది. గొట్టం చెయ్యడం మనవాళ్లకు అసాధ్యం కాదు. నాటు తుపాకీ కొండల్లో తరువాత ఎంతగా పాతుకుపోయిందో అందరికీ తెలుసు. మరి చిక్కంతా ఎక్కడుంది? గొట్టంలో కాదు. గొట్టంలోకి వెళ్లే సరుకులో, దాని కొలతలో.

గొట్టం, మందు, గుండు

నాటు తుపాకీ అంటే మూతి నుంచి మందు కూరే తుపాకీ. ముందు మందు పోస్తారు. దాని మీద పీచో గుడ్డపేలికో దట్టిస్తారు. ఆ పైన సీసపు గుండు, లేదా ఛర్రాలు. అన్నిటినీ గజం అనే కడ్డీతో అడుక్కి కొడతారు. బయట, మడమ వైపు, గొట్టానికి చిన్న చిల్లు ఉంటుంది. పాతకాలపు తుపాకీల్లో అక్కడ రంజకం అనే మెత్తటి మందు పోసి, జామగి అనే మండే తాడుతో ముట్టించేవారు. తరువాత చెకుముకి రాయి వచ్చింది. ఆ తరువాత రాగి టోపీ వచ్చింది. గుర్రం వచ్చి టోపీ మీద పడితే నిప్పు లోపలికి పోతుంది. తుపాకీ గుర్రం అంటే ఏమిటో తెలియని పిల్లలు ఈ వాక్యం చదివి నవ్వుకుంటారేమో. సుత్తిలా వచ్చి కొట్టే ముక్కను మన భాషలో అలాగే అనేవారు.

మందు అంటే సూరేకారం, గంధకం, బొగ్గు. ముప్పాతిక వంతు సూరేకారమే. బొగ్గు ఎక్కడైనా దొరుకుతుంది. గంధకం మన కొండల్లో దొరకదు, సంత నుంచి రావాలి. సూరేకారం కూడా అంతే. గుండుకు సీసం కావాలి, అదీ సంత సరుకే. అంటే కొండ మీద ఎంత గొప్ప పనివాడున్నా, మైదానం నుంచి మూడు సరుకులు రాకపోతే వాడి తుపాకీ కర్రతో సమానం.

సరే, సరుకు దొరికిందనుకుందాం. అప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. ఎంత గుండుకు ఎంత మందు?

విల్లు పట్టినవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. విల్లు బలానికి బాణం బరువు సరిపోవాలి. బలమైన వింటికి తేలిక బాణం పెడితే అది వణుకుతూ పోతుంది. మెత్తటి వింటికి బరువు బాణం పెడితే నాలుగు బారల్లో నేల కరుస్తుంది. మన పెద్దలు ఒక్కో విల్లుకు బాణాలు చూసుకుని పెట్టుకునేవారు, ఒకడి బాణాలు ఇంకొకడికి ఇచ్చేవారు కాదు. తుపాకీ కూడా అంతే. ప్రతి గొట్టానికీ తనకు నచ్చిన కొలత ఒకటుంటుంది. పక్కింటివాడి తుపాకీకి కుదిరిన కొలత మన తుపాకీకి కుదరాలని లేదు.

మందు ఎక్కువ పోస్తే గుండు ఎక్కువ దూరం పోతుందని చాలామంది అనుకుంటారు. కొంతవరకు నిజమే. మందు రెట్టింపు చేస్తే వేగం మాత్రం రెట్టింపు కాదు. ఒక హద్దు దాటాక మిగిలిన మందు గొట్టంలో కాలనే కాలదు. మూతి బయట మంటై పోతుంది. గుండుకు పెరిగే వేగం కొంచెమే, భుజానికి తగిలే దెబ్బ మాత్రం చాలా ఎక్కువ. గురి చెదురుతుంది. ఇంకా పెంచితే గొట్టమే పగులుతుంది. చోడి అంబలికి పిండి ఎక్కువేస్తే బలం వస్తుందని ముద్ద చేసి తాగలేం కదా. దేని పాకం దానికుంది.

ఈ లెక్కను మొదటిసారి కొలిచి చూపినవాడి కథ చెప్పాలి, ఎందుకంటే అతను చనిపోయింది మన తూర్పు తీరంలోనే. బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1742లో తుపాకీ శాస్త్రం మీద ఒక పుస్తకం వేశాడు. బరువైన చెక్క దిమ్మను ఊయలలా వేలాడదీసి, దాంట్లోకి గుండు కాల్చి, దిమ్మ ఎంత ఊగిందో చూసి గుండు వేగం లెక్క కట్టాడు. సెకనుకు 1,600 అడుగులకు పైమాటే అని తేలింది. అంతవరకు పండితులు ఊహించుకున్నదంతా తలకిందులైంది. గాలి గుండును ఎంత గట్టిగా వెనక్కి లాగుతుందో కూడా అతనే చూపాడు. గుండు తన చుట్టూ తాను తిరుగుతూ పోతే దారి తప్పదని, అందుకు గొట్టం లోపల మెలికల గాడులు ఉండాలని, ఆ విద్య ముందుగా పట్టుకున్న దేశానిదే పైచెయ్యి అవుతుందని రాశాడు. తరువాత ఈస్టిండియా కంపెనీ అతన్ని కోటల పనికి ఇంజనీరుగా పంపింది. 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు. అతను పోయిన ఆరేళ్లకు, 1757 జనవరి 24న, మన పక్కనున్న బొబ్బిలి కోట బుస్సీ ఫిరంగుల ముందు కూలింది.

కంపెనీ సిపాయిల చేతిలో ఉన్న చెకుముకి తుపాకీ సంగతి చూడండి. గొట్టం లోపలి వెడల్పు 0.75 అంగుళం. గుండు వెడల్పు 0.69 దగ్గర. అంటే గుండు గొట్టంలో వదులుగా గిలకలా ఉండేది. త్వరగా కూరుకోవడానికి అలా చేశారు. కాల్చినప్పుడు గుండు అటూ ఇటూ గోడలకు తగులుతూ వచ్చి, చివరిసారి ఏ గోడకు తగిలిందో దాన్నిబట్టి దాని దారి. జార్జ్ హేంగర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి 1814లో రాసిందాని ప్రకారం ఆ తుపాకీతో 80 గజాల్లో మనిషిని కొట్టవచ్చు, 100 గజాల్లో కొట్టినా కొట్టవచ్చు, 200 గజాల్లో గురి చూసి కొట్టడమంటే చంద్రుణ్ణి కొట్టాలనుకోవడమే. అందుకే వాళ్లు గురి చూసేవారు కాదు, వరస కట్టి ఒక్కసారిగా కాల్చేవారు. 1794 జూలై 10న పద్మనాభంలో విజయరామరాజును పడగొట్టిన కంపెనీ సేనది ఈ వరస యుద్ధమే. కొండల్లో చెట్ల మధ్య వరస కుదరదు. కొండజాతుల తిరుగుబాట్లను అణచడానికి ప్రతిసారీ వాళ్లకు అంతేసి కాలం ఎందుకు పట్టిందో ఇందులో కొంత జవాబుంది.

ఆ తుపాకీ గుండు సుమారు 32 గ్రాములు, తూటా కాగితంలో మందు సుమారు 10 గ్రాములు. అంటే మూడు వంతుల గుండుకు ఒక వంతు మందు. ఇప్పుడు 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ చూడండి. గుండు 34 గ్రాములు, మందు నాలుగున్నర గ్రాములకు లోపే. ఎనిమిది వంతులకు ఒక వంతు చాలింది. మందు సగానికి పైగా తగ్గింది, గురి మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. కారణం గుండు అమరిక. మిన్యే అనే ఫ్రెంచి అధికారి 1849లో అడుగున బోలుగా ఉండే గుండు తయారుచేశాడు. ఎన్‌ఫీల్డ్ గుండుదీ ఆ పద్ధతే. కూరేటప్పుడు వదులుగా దిగుతుంది. మందు పేలగానే అడుగు భాగం వెడల్పై గాడుల్లోకి కరుచుకుంటుంది. పొగ పక్కల నుంచి తప్పించుకుపోదు, గుండు తిరుగుతూ వెళ్తుంది.

ఎన్‌ఫీల్డ్ అనగానే 1857, ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్నవి బడి పుస్తకంలో అందరం చదివాం. అసలు తూటాకు కొవ్వు ఎందుకు పూశారో మాత్రం ఏ పుస్తకంలోనూ చెప్పరు. నల్లమందు కాలితే కొంత మసిగా, గట్టి పెచ్చుగా గొట్టంలోనే మిగిలిపోతుంది. పది సార్లు కాల్చేసరికి గుండు దిగదు. జిడ్డు ఉంటే ఆ మసి మెత్తబడుతుంది. అదీ చాలలేదు. మొదట్లో 0.568 అంగుళాలున్న గుండును తరువాత 0.55కు తగ్గించారు. దేశాన్ని కుదిపేసిన కొవ్వు వెనక ఉన్నది కూడా ఇదే చిక్కు: ఏ గొట్టానికి ఏ గుండు, ఎంత మందు, మధ్యలో ఏం పెట్టాలి.

ఇవాళ్టికీ ఈ పని సరదాగా చేసేవాళ్లున్నారు. అమెరికాలో మూతి తుపాకీల వాళ్లకు 1933లో పుట్టిన జాతీయ సంఘమే ఉంది. ఇండియానా రాష్ట్రంలో ఫ్రెండ్‌షిప్ అనే పల్లెలో వాళ్ల పోటీలు జరుగుతాయి. వాళ్ల పద్ధతి వినదగ్గది. తుపాకీని బల్ల మీద ఇసుక మూటల మీద ఆనించి, ఒకే కొలత మందుతో, ఒకే రకం గుండుతో, ఒకే మందం గుడ్డతో మూడో అయిదో సార్లు కాలుస్తారు. గుళ్లు లక్ష్యం మధ్యలో పడ్డాయా అని చూడరు. ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయో చూస్తారు. తరువాత మందు కొద్దిగా పెంచి మళ్లీ కాలుస్తారు. గుళ్లన్నీ ఒక చోట గుమిగూడే కొలత దొరికేదాకా ఇదే పని. ఆ తరువాతే గుడ్డ మందం మార్చి చూస్తారు, లేదా జిడ్డు మార్చి చూస్తారు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. కాల్పుకూ కాల్పుకూ మధ్య గొట్టం తుడవడం కూడా కొలతలో భాగమే. పాతకాలపు అమెరికా వేటగాళ్లకు ఇంకా సులువైన లెక్క ఉండేదంటారు: అరచేతిలో గుండు పెట్టుకుని, అది కనబడకుండా మునిగేదాకా మందు పోస్తే అదే మొదటి కొలత. అక్కడి నుంచి సర్దుకుంటూ పోవాలి.

ఈ పద్ధతికి ఒక పెద్ద షరతుంది. మందు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. కంపెనీకి ఆ వసతి ఉంది. 1787లో బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్‌లో మందు కార్ఖానా పెట్టారు. కార్ఖానాలో శుద్ధి చేసిన సూరేకారం, ఎంచిన కలప బొగ్గు, గింజకట్టి జల్లెడ పట్టిన మందు. గింజ పెద్దదైతే నెమ్మదిగా కాలుతుంది, సన్నదైతే చటుక్కున కాలుతుంది. కాబట్టి గింజ కూడా కొలతే. మన కొండ మీద వాడికి ఈ నెల సంతలో దొరికిన సూరేకారం వేరు, పై నెల దొరికింది వేరు. శ్రావణం వచ్చేసరికి అదంతా చెమ్మ పీల్చుకుంటుంది. నిన్న కుదిరిన కొలత ఇవాళ కుదరదు. మనవాడి చెయ్యి తక్కువది కాదు. వాడికి దొరికిన సరుకు నిలకడ లేనిది.

సరుకు మీద తాళం

ఈ బలహీనత మనకన్నా ముందు సర్కారుకు తెలిసింది. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం తెచ్చారు. లైసెన్సు లేనిదే తుపాకీ ఉండకూడదన్నది అందరికీ తెలిసిన ముక్క. దాంట్లోనే ఇంకో ముక్క ఉంది: కావాలనుకున్న ప్రాంతంలో సీసం, గంధకం, సూరేకారం కూడా ఈ చట్టం కిందికి తేవచ్చు. ఎంత లోతుగా ఆలోచించారో చూడండి. కొండల్లోకి వెళ్లి గొట్టాలు వెతకనక్కర్లేదు. సంతలో మూడు సరుకులకు తాళం వేస్తే చాలు.

మరుసటి ఏడాది, 1879లో, రంప తిరగబడింది. ఆ తిరుగుబాటును అణచడానికి మద్రాసు పదాతి దళాలే ఆరు దింపవలసి వచ్చింది. ఈలోగా తుపాకీ కూడా మారిపోయింది. 1866 నుంచి సైన్యంలో స్నైడర్, 1871 నుంచి మార్టినీ హెన్రీ. ఇవి మూతి నుంచి కూరేవి కావు. వెనకనుంచి లోహపు తూటా పెట్టి మూస్తే సరిపోతుంది. గుండు, మందు, టోపీ మూడూ ఆ తూటాలోనే, కార్ఖానాలో కొలిచినవే. కొలత వెతుక్కునే పని సిపాయికి లేకుండా పోయింది. వానలో నానదు. ఒకడు మూతి తుపాకీ ఒకసారి కూరేలోగా ఇంకొకడు అయిదారు సార్లు కాల్చగలడు.

1900 మే నాటికి మల్లయ్య ఎదుట ఉన్న లోకం ఇది. సూరేకారం సంతలో అడిగితే అనుమానం. తూటా తుపాకీ చూడటానికే తప్ప చేతికి రాదు. కొండ నిండా ఉన్నది వెదురు. వెదురును తుపాకీగా చెక్కించి కవాతు చేయించినవాడికి తుపాకీ విలువ తెలియదని ఎలా అంటాం? మంత్రం సంగతి అలా ఉంచండి. వేల మందిని వరసల్లో నిలబెట్టి కవాతు చేయించడం మంత్రం పని కాదు, సైన్యం పని. అది ఆయన ఎక్కడ చూశాడో గాని, చూసే నేర్చుకున్నాడు.

ఇరవై రెండేళ్ల తరువాత సీతారామరాజు వేరే దారి పట్టాడు. వెదురు తుపాకీ అవుతుందని ఎదురుచూడలేదు, నాటు మందు మీదా ఆధారపడలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 కార్బైన్లు, 2,500కు పైగా తూటాలు పట్టుకెళ్లాడు. శత్రువు కొలిచి పెట్టిన మందునే శత్రువు మీద వాడటం అన్నమాట. పట్టుకెళ్లిన వాటికి చీటీ రాసి మరీ సంతకం పెట్టి వెళ్లేవాడని అందరూ చెప్పుకుంటారు. కాని ఆ దారికీ ఒక చివర ఉంది. తూటా కొండ మీద పుట్టదు. కాల్చినకొద్దీ తరుగుతుంది. నాటు తుపాకీకి నాటు మందైనా చేసుకోవచ్చు. తూటా అయిపోయిన కార్బైన్ వెదురుకన్నా బరువైన కర్ర, అంతే. ఎదుటివాళ్లకు మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్, వెనక కార్ఖానాలు. రెండేళ్ల పోరాటంలో ఈ తూటాల లెక్క ఎంత బరువై కూర్చుందో ఆలోచించండి. సినిమాల్లో ఇది కనబడదు. తెర మీద తూటాలు అయిపోవు.

స్వాతంత్య్రం వచ్చాక కూడా తుపాకీ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మన కొండల్ని వదల్లేదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్న మనవాళ్ల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. అక్కడి నుంచి జరిగిన శ్రీకాకుళం ఉద్యమ చరిత్ర పెద్దది, వేరే వ్యాసం కావాలి.

పంట కాపలా తుపాకీ

ఇప్పుడు మీ చేతికి వచ్చే సంగతి. పేపర్లో నాటు తుపాకీ అనే మాట నేరాల పేజీలోనే కనబడుతుంది. ఫలానా ఊళ్లో నాటు తుపాకీ పట్టివేత, వేటకెళ్లి మనిషికి గుండు తగిలి మృతి, మందు కూరుతుండగా పేలి చేతివేళ్లు పోవడం. ఇవి నిజంగా జరిగేవే. వాటికి కారణం ఇంతసేపు చెప్పుకున్నదే: కొలత లేదు, పరీక్ష లేదు. ఇంగ్లండులో ఏ తుపాకీ గొట్టమైనా అమ్మకానికి వచ్చేముందు మామూలుకన్నా ఎక్కువ మందుతో కాల్చి చూసి, పగలకపోతేనే ముద్ర వేసే పద్ధతి ఉంది. బర్మింగ్‌హామ్‌లో ఆ పరీక్షశాల 1813 నుంచి నడుస్తోంది. నీళ్ల పైపుతో చేసిన గొట్టానికి ఆ పరీక్ష ఎవరు పెట్టారు? మొదటి పరీక్ష వాడినవాడి మొహం దగ్గరే జరుగుతుంది.

చట్టం సంగతీ తెలుసుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. మన చైత్రమాసపు ఇటుకల పండుగలో మగవాళ్లు వేటకెళ్లడం, ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడ, బురద చల్లి ఆటపట్టించడం మన ఆచారం. ఆచారాన్ని ఆటగా, పాటగా నిలుపుకోవచ్చు. దానికి తుపాకీ అక్కర్లేదు. అయితే 1959 ఆయుధాల చట్టంలో మనలో చాలామంది చదవని ఒక ముక్క ఉంది. 13వ సెక్షన్లో, నిజంగా పంట కాపలా కోసం మూతి నుంచి కూరే తుపాకీ కావాలని పౌరుడు అడిగితే లైసెన్సు ఇవ్వాలని రాసి ఉంది. చట్టంలో ఈ తుపాకీని పేరు పెట్టి మరీ చెప్పారు. అంటే రైతు చేతిలో ఇలాంటి తుపాకీ ఉండటం దానంతట అది నేరం కాదు, లైసెన్సు లేకపోవడమే నేరం. అడవి పందులు చోడి చేను, కంద చేను తొక్కేస్తుంటే మనవాళ్లు ఇవాళ ఏం చేస్తున్నారు? కరెంటు తీగలు లాగుతున్నారు. ఆ తీగలకు పందులకన్నా ముందు మన పశువులూ, మన మనుషులూ బలవుతున్నారు. రాత్రి పొలం మీదుగా నడిచేవాడికి తుపాకీ చప్పుడైనా వినబడుతుంది, తీగ వినబడదు.

కర్ణాటకలోని కొడగువాళ్ల సంగతి పోల్చి చూడండి. కొడవలకూ, జమ్మా భూములున్నవాళ్లకూ తుపాకీ లైసెన్సు నుంచే మినహాయింపు ఉంది. 1861లో తెల్లదొరలు ఇచ్చింది, స్వతంత్ర భారత ప్రభుత్వం కొనసాగిస్తోంది; ఇటీవల 2029 దాకా పొడిగించారు. ఏటా సెప్టెంబరులో కైల్‌పోళ్ద్ పండుగకు ఇంట్లో తుపాకులను పూలతో అలంకరించి పూజ చేస్తారు. వాళ్లదీ కొండ ప్రాంతమే, వాళ్లదీ వేట సంప్రదాయమే. తేడా ఒక్కటే కనబడుతుంది. వాళ్లు తమకు విధేయులని తెల్లదొరలు నమ్మారు. మన కొండల మీద నమ్మకం ఎప్పుడూ పెట్టుకోలేదు. రంప, కొర్రవానివలస, మళ్లీ రంప. ఇలా చూస్తే, మనకు తుపాకీ లేకపోవడం కూడా మన తిరుగుబాట్ల చరిత్రలో ఒక పేజీయే.

మేము అందరి చేతికీ తుపాకీ రావాలని కోరడం లేదు. మా కోరిక వేరు. సాలూరు అంటే ఇవాళ లారీలు. ఇనుప రేకును వంచి, అతికి, చక్రాల మీద నిలబెట్టే పనివాళ్లు మన ఊరి నిండా ఉన్నారు. ఆ చేతుల వెనక, కొండ మీది కమ్మరి కొలిమి దగ్గర ఏ పనులు జరిగేవో, తుపాకీ భాగాలకు ఏ పేర్లుండేవో అడిగి రాసిపెట్టండి. జామగి, రంజకం, గజం, గుర్రం అన్నవి మైదానం మాటలు. కువి, సవర, గదబ భాషల్లో మీ తాతలు వాటిని ఏమనేవారో ఫోనులో రికార్డు చేసి మన సంఘానికి పంపండి. కొర్ర మల్లయ్య పేరు మీ ఇంటి కథల్లో, పాటల్లో ఎక్కడైనా వినబడితే అదీ పంపండి.

ఆ వెతుకులాటలో మీ ఇంటి అటక మీద పాత గొట్టం ఒకటి దొరికితే మాత్రం ఒక జాగ్రత్త. మూతి తుపాకీలో ఎవరో ఎప్పుడో కూరి వదిలేసిన మందు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది, నిప్పు తగిలితే ఇప్పటికీ పేలుతుంది. దాన్ని కొట్టొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు, మూతిలోకి తొంగి చూడొద్దు. మూతిని మనుషుల వైపు కాకుండా ఉంచి, ఊరి పెద్దలను వెంటబెట్టుకుని స్టేషన్లో చెప్పి అప్పగించండి. అప్పగించేముందు ఫొటో తీసి, అది ఎవరిదో, ఏ కాలం నాటిదో ఇంట్లో ముసలమ్మను అడిగి రాసుకోండి.